నిద్రమాత్ర మార్చిన తరువాత

ప్రాణులకు అలసటనిచ్చి, దానికి మందుగా నిద్రనూ తానే ఇచ్చిన జగన్మాతకు నమస్కరించి, శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ బహుళ దశమి నాడు, చిత్తూరులోని మా ఇంట కూర్చుండి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పురాణం చెప్పడం నా వృత్తి. కోర్టు వెనుక వీధిలోని చిన్న మండపంలో సాయంకాలాలు చెబుతూనే వయసు గడిచిపోయింది. నిద్ర నన్ను విడిచి కొన్నేళ్లయింది. తిరుపతిలో మందుల దుకాణం నడిపే నా బావమరిది బలవంతం మీద అక్కడి వైద్యురాలికి చూపించుకొని, రాత్రికొక మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాను. నిద్ర వచ్చేది గాని, ఎవరో నన్ను గోనెలో మూటగట్టి మూలన పడవేసి, తెల్లవారిన తరువాత విప్పినట్లుండేది.

మా వృత్తిలో ఒక వాడుక ఉంది. కథ ఎత్తుకొనే ముందు, "నిన్న ఎక్కడ నిలిపాము?" అని శ్రోతలను అడుగుతాము. చెప్పేవానికి తెలియక కాదు. వినేవారి శ్రద్ధ తెలుసుకోవడానికి. శ్రావణంలో ఒకనాడు ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగకుండానే స్వయంవర ఘట్టం ప్రారంభించాను. సగం దాటిన తరువాత, ముందు వరుసలో కూర్చునే పూలమ్మే అవ్వ చెయ్యెత్తింది.

"ఏం సామీ, ఆ పిల్లకు నిన్ననే పెండ్లి చేసి అత్తగారింటికి పంపించేసినావు గదా! మళ్లా పెండ్లా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ నిన్నటి సాయంకాలం నా మనసులో ఎక్కడా లేదు.

ఆ వారమే తిరుపతి వెళ్లాను. బావమరిది రెండు మాత్రల అట్టలు బల్ల మీద పెట్టాడు.

"ఇది నువ్వు మింగేది బావా. పాతకాలందీ. ఎన్నో కంపెనీలు చేస్తా ఉండాయి. మెదడంతా మత్తులో ముంచేస్తాది. పెద్దోళ్లకు మతిమరుపు గూడా తెస్తాది. ఈ రెండోది కొత్తది. మేలుకోనుండమని లోపల ఒక కబురు పోతా ఉంటాదంట, దాన్ని మాత్రం అడ్డుకుంటాది. బయటిదేశం కంపెనీలు దీనికోసం ఏండ్ల తరబడి పోటీ పడినాయి. ఇంకా కొత్తవి తయారు చేస్తానే ఉండారు."

"అయితే నా మరపు ఈ పాత మాత్రదేనంటావా?"

"మరి ఎవురిది? మా అక్క ఎప్పుడో అన్న మాట గూడా పొల్లుపోకుండా అప్పజెప్పి పోట్లాడేవాడివి గదా నువ్వు!"

ఆ మాటతో గుండె బరువు దిగింది. వైద్యురాలు పాత మాత్రను ఒక్కసారిగా మానరాదని, కొద్దికొద్దిగా తగ్గించి కొత్తదానికి మార్చారు. మరపు పోతుందా అని అడిగితే, "చూద్దాం" అని మాత్రమే అన్నారు.

ఆశ్వయుజం ముగిసేసరికి నిద్ర కుదిరింది. మొదట్లో కలలు దట్టంగా ముసిరినా, లేచేసరికి దేహం తేలికగా ఉండేది. "మొగంలో కళ వచ్చింది సూడండి" అని మా ఇల్లాలు సంతోషించింది.

కార్తికంలో మళ్లీ పీఠమెక్కి, గొంతు సవరించుకొని పద్యమెత్తుకున్నాను. చిన్ననాట మా నాయన దగ్గర నేర్చిన పద్యం. మూడవ పాదం రాలేదు. మొదటినుండి చదివాను, అక్కడికే వచ్చి ఆగింది. తల దిమ్ముగా లేదు, కన్నులు వాలడం లేదు. ముందురాత్రి చక్కగా నిద్రపోయాను. నన్ను భయపెట్టింది ఆ నిద్రే. పాత మాత్ర వాడినన్నాళ్లు తప్పంతా దానిమీద మోపి ఊరట పొందాను. ఇక ఆ వీలు లేదు.

ఈసారి అవ్వ తల దించుకొని పూలబుట్ట సర్దుకుంది.

బావమరిదికి ఫోను చేసి చెప్పాను.

"ఇంకో కంపెనీది వస్తా ఉండాదంట బావా, అది గూడా సూద్దాం" అన్నాడు.

"నిద్రకు మందు దొరికిందప్పా. అది బాగానే పనిచేస్తా ఉండాది" అన్నాను.

బావమరిది మరునాడు తానే వచ్చి నన్ను వైద్యురాలి వద్దకు తీసుకొనిపోయాడు. ఆమె జ్ఞాపకశక్తి పరీక్షలకు వేరొక వైద్యునికి వ్రాసి ఇచ్చారు.

పుష్య బహుళ పంచమి నాడు పరీక్షలు ముగిశాయి. మరపు వ్యాధి మొదలైనదని నిర్ధారించారు. మాఘ శుద్ధ పాడ్యమి నుండి ఆ మండపంలో మరొకరు పురాణం చెబుతున్నారు.