బల్ల కింది మున్షీ

ఆ రోజుల్లో ఖాజాగూడ వైపు ఎవరైనా వచ్చారంటే రాళ్ల కోసమో, దారి తప్పో అయ్యుండాలి. ఇప్పుడు అక్కడ గాజు మేడల నీడన నిలబడి కాఫీ తాగే పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఆ గుట్టల నడుమ నలుగురు చేరి గొంతెత్తి మాట్లాడుకునే చోటంటే మా నాయిన దుకాణమే. గడ్డపారలు, సుత్తెలు, బొక్కెనలు, తట్టలు, చేంతాళ్లు అమ్మేవాళ్లం. ఏ వస్తువు మీదా ధర రాసి ఉండేది కాదు. ధర నాయిన కడుపులో ఉండేది. దాన్ని బయటికి లాగడం కొనేవాళ్ల పని, లాగనివ్వకపోవడం ఆయన పని. నేను పీయూసీ పాసై, ఇక చదివేది లేదని తేలాక, ఆ దుకాణంలో చేరాను. బేరంలో నా అంతవాడు లేడని నాకు గట్టి నమ్మకం (కూరగాయలమ్మి దగ్గర కొసరుగా కొట్టేసిన కొత్తిమీరను మా అమ్మకు పతకంలా చూపించేవాణ్ణి). నా కోరిక ఒక్కటే. నాయిన బేగంబజారుకు సరుకు కోసం వెళ్లిన రోజున ఆయన ఎత్తు బల్ల మీద నేను కూర్చోవాలి. అప్పటిదాకా ఆయన వెళితే దుకాణం మూసే ఉండేది. అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు: "నా ఆఖరి ధర ఏందో నన్ను అడగకుండ చెప్పే రోజు కూసో బిడ్డా. అందాంక తాళ్లు చుట్టు."

చుట్టాను. తాళ్లు చుడుతూ ఆయన ముఖాన్ని పరీక్షకు చదివినట్టు చదివాను. కనుబొమలు చూశాను, మీసం చూశాను, పెదవి కొసలు చూశాను. ఏమీ దొరకలేదు. లాభానికి అమ్మినా అదే ముఖం, నష్టానికి అమ్మినా అదే ముఖం. మా అమ్మమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడూ అదే ముఖం (ఆ సంగతి మా అమ్మ చివరిదాకా మరిచిపోలేదు).

సరిగ్గా అప్పుడే ఆ కుక్క దిగబడింది. మట్టిరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి, ఒకటి వాలిపోయి ఉండేది. ఒక వానలో తడుచుకుంటూ వచ్చి నాయిన బల్ల కింద దూరింది. నేను చీపురు తీసుకుంటే ఆయన, "ఉండనీ రా. నీ లెక్క తినుకుంట ముచ్చట పెట్టదు గద" అన్నాడు. బేరం కుదిరినప్పుడల్లా గిరాకీకి గుప్పెడు పుట్నాలు పెట్టడం ఆయన అలవాటు. ఆ గుప్పెట్లోంచి నాలుగు గింజలు బల్ల కిందికీ పోసాగాయి. పట్టుమని పది రోజులు కాలేదు, దానికి మున్షీ అని, అంటే దుకాణం గుమాస్తా అని, పేరు పెట్టాడు. పీయూసీ పాసైన కొడుకు తాళ్లు చుడుతుంటే, ఊరూ పేరూ లేని కుక్క మున్షీ! పైగా ఇంట్లో పొదుపుగా మాట్లాడే మనిషి, వాన పడుతుందా లేదా అని దాన్ని అడిగేవాడు. నన్ను ఏనాడైనా వాన సంగతి అడిగాడా?

పోనీ, దాన్ని నా వైపు తిప్పుకుందామని చూశాను. బిస్కెట్ చూపించి "కూసో" అన్నాను. అది నా చేతిని చూసింది, ముఖాన్ని చూసింది, ఆవులించింది. రెండు బిస్కెట్లు చేశాను. లేచి వెళ్లి నాయిన కాళ్ల దగ్గర పడుకుంది. ఇంకోటి తీయబోతే నాకే సిగ్గేసి, అన్నీ నేనే తిన్నాను.

అసలు దెబ్బ మేస్త్రమ్మ కొట్టింది. ఆమె గుట్టల్లో రాళ్లు కొట్టే ముఠాకు పెద్ద. పనిముట్లన్నీ మా దగ్గరే కొనేది, కొన్న ప్రతిసారీ ఒక చిన్న యుద్ధం చేసేది. ఆ రోజు గడ్డపార బేరం. ఆమె ఒక ధర చెప్పింది. నాయిన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇంతలో మున్షీ బల్ల కిందనుంచి బయటికొచ్చి, ఆమె ఎదుట నిలబడి తోక ఊపింది.

"సేటూ, నీ మున్షీ ఒప్పుకున్నడు. ఇగ నువ్వెందుకు గుంజుతున్నవ్?"

"కుక్కకేం ఎరుక బేరం?"

"నీకంటె దానికే మంచిగ ఎరుక. మొన్న తట్టల కాడ గిట్లనే వచ్చింది. మా తమ్ముడు బొక్కెన కొంటే గిట్లనే వచ్చింది. అది వచ్చినంక నువ్వు పైస తగ్గలే, అది రాకముందు ఎన్నడు ఇయ్యలే."

నాయిన గడ్డపారను ఆమె వైపు జరిపాడు. పుట్నాల డబ్బా మూత తీశాడు. అంటే, అదే ఆఖరి ధర!

ఇన్నాళ్లుగా నాకు అంతుపట్టని మనిషి ఒక్క వానాకాలంలో ఆ కుక్కకు అర్థమైపోయాడు. సాయంత్రం ఆయన దగ్గర చేరాను. "నాయినా, అది మనల్ని ముంచుతది. ఊరంత తెలిస్తే దుకాణం పాయె. చెరువు అవుతల ఇడిసిపెట్టొస్త" అన్నాను (ఆ మాటలో వ్యాపార బుద్ధి పావలా, అసూయ ముప్పావలా).

"దానికెట్ల తెలుస్తున్నదో చెప్పు. చెప్తే దాన్ని ఇడిసిపెట్టు, నువ్వు బల్ల మీద కూసో" అన్నాడు ఆయన.

మర్నాడు నిలబడి చూశాను, తెలియలేదు. వంగి చూశాను, తెలియలేదు. చివరికి అది ఉండేచోటికే పోదామని, గోనెసంచి పరుచుకుని బల్ల కింద మున్షీ పక్కన పడుకున్నాను. అది కాస్త జరిగి చోటిచ్చింది (ఇవ్వకపోతే తిట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నాను). అక్కడినుంచి నాయిన ముఖం కనబడదు. వేలాడే రెండు పాదాలు కనిపిస్తాయి, అంతే. ఎడమ పాదం ఉయ్యాలలా ఊగుతూ ఉంది. కాసేపటికి మేస్త్రమ్మ చేంతాడు కోసం వచ్చింది. పైన "రాదమ్మా", "పో సేటూ" అని కేకలు. కింద పాదం ఊగుతూనే ఉంది. మేస్త్రమ్మ ఇంకో అర్ధరూపాయి పెంచింది. పైన గొంతు ఇంకా "రాదు, రాదు" అంటూనే ఉంది, కింద పాదం టక్కున ఆగిపోయింది. మున్షీ చెవి నిక్కింది. లేచి బయటికి నడిచింది. సంతోషం పట్టలేక నేనూ దాని వెనకే మోకాళ్ల మీద బయటికొచ్చాను.

మేస్త్రమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యో సేటూ, ఇయ్యాల ఇద్దరు మున్షీలు ఒప్పుకున్నరు! పెద్ద మున్షీకి తోక లేకపాయె గని, ఉంటె ఊపుతుండె!"

గిరాకీ వెళ్లాక పాదం సంగతి చెప్పాను. నాయిన తన ఎడమ పాదాన్ని ఎవరో మోసగాణ్ణి చూసినట్టు చాలాసేపు చూశాడు. "నాకే తెల్వదు రా" అన్నాడు. తర్వాత, "మాటంటే మాటే. రేపు నేను బజారుకు పోత. నువ్వు కూసో. దాని సంగతి నేనొచ్చినంక నీ ఇష్టం."

మర్నాడు నేను బల్ల ఎక్కాను. మున్షీ మాత్రం ఆయన వెంట రోడ్డుదాకా పోయి, బస్సు కదిలాక అక్కడే కూర్చుండిపోయింది. పిలిచాను. పుట్నాలు చూపించాను. తల తిప్పలేదు. గిరాకీలు వచ్చారు, పోయారు. నేను గట్టిగానే బేరాలు చేశాను, రెండుచోట్ల దెబ్బ తిన్నాను, ఒకచోట మేస్త్రమ్మ తమ్ముణ్ణే గెలిచాను. ఎండ ముదిరి, వాలిపోయినా అది రోడ్డునే చూస్తూ ఉంది. నేను గెలిచిన ఆ ఒక్క బేరమైనా చూడలేదు కదా అని ఎంత కుళ్లుకున్నానో!

పొద్దుగూకే వేళకు నాయిన దిగాడు. మున్షీ ఆయన చుట్టూ తిరిగి, ఆయనకంటే ముందు దుకాణంలోకి వచ్చింది. బల్ల మీద ఉన్న నన్ను ఒకసారి చూసి, బల్ల కింద దూరి, నా పాదాల దగ్గర ఒళ్లు చాపి నిద్రపోయింది.

నాయిన గుమ్మంలో ఆగి దాన్నే చూశాడు. "మున్షీ నిమ్మలంగ పండుకున్నడంటె, నువ్వు మంచిగనే నడిపినట్టు" అన్నాడు.

పొద్దంతా ఎండలో కూర్చుని అలిసిపోయి పడుకుందని నాకు తెలుసు. నా బేరాల్లో ఒక్కటీ చూడలేదనీ తెలుసు. అయినా ఆ మాటను ఖండించే తెలివితక్కువవాణ్ణి కాను. చెరువు అవతల ఇడిసిపెట్టే ఊసు నేను మళ్లీ ఎత్తలేదు, ఆయనా అడగలేదు. బతుకంతా నేను ఎందరితోనో బేరాలాడాను, మెప్పులూ పొందాను. మా నాయిన నోటివెంట వచ్చిన మెప్పు మాత్రం ఆ ఒక్కటే, అదీ ఒక కుక్క సిఫారసు మీద. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఈ వయసులో చెప్పకూడదు గానీ, కాస్త కుళ్లుగానూ ఉంటుంది.