ఇనప రైలు సాక్ష్యం

ఆ రైల్లో ఇంజను వెనక రెండో పెట్టె మీద ఉన్న ఫిరంగి నాది. వరిచేలల్లోంచి శత్రువులు లేస్తే పేల్చేది నేనే. ఒకసారి గుండు దెబ్బకి కొండ మొన ఎగిరి సముద్రంలో పడింది.

ఈ ముక్క నేను యానాంలో టీకొట్ల దగ్గరా, గోదారి గట్టు మీదా కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. చెప్పిన ప్రతిసారీ ఫిరంగి కాస్త పొడుగయ్యేది, కొండ కాస్త లావయ్యేది. నిజానికి ఆ రైల్లో నా చేతికిచ్చిన ఆయుధం అన్నం గరిట. ఫిరంగిని నేను తాకింది ఒక్కసారే, తడి లుంగీ ఆరేయడానికి. దానికీ తన్నులు తిన్నాను.

యానాం ఫ్రెంచివాళ్ళ కింద ఉన్న రోజుల్లో వాళ్ళ సైన్యంలో చేరినవాణ్ణి సొల్దా అనేవాళ్ళు. నేను వంటసొల్దాని. ఓడెక్కించి ఇండోచైనా తీసుకుపోయారు. ఇప్పుడు వియత్నాం అంటున్నారు. సైగాన్ నుంచి సముద్రం పక్కగా ఉత్తరానికి ఒక రైలు మార్గం ఉండేది. అక్కడి జనం తమ దేశం తమకి కావాలని దాని కింద మందుపాతరలు పెట్టేవాళ్ళు. అందుకని సైన్యం మామూలు గూడ్సు పెట్టెలకి ఇనప రేకులు బిగించి, రేకుల మధ్య కాంక్రీటు పోసి, తుపాకీ గొట్టం పట్టేటన్ని కంతలు పెట్టి ఒక రైలు తయారుచేసింది. అది ముందు నడిచేది, సరుకుల బళ్ళు దాని వెనకాల వచ్చేవి.

ఇంజనుకి కూడా ముందు ఒక చదును పెట్టె ఉండేది. దాని మీద పట్టాలూ, స్లీపర్లూ, వాటి మీద ఆ దేశపు కూలీలు. మందుపాతర పేలితే ముందు వాళ్ళ కింద పేలాలి. పేలాక బతికిన కూలీలు చచ్చిన కూలీలని పక్కకి లాగి కొత్త పట్టా బిగించాలి. మనుషులూ సామానూ ఒకేచోట ఉండడం వల్ల చాలా టైము కలిసొస్తుందని మా సార్జంటు మెచ్చుకునేవాడు. ఆ కూలీలకి కూడా అన్నం నేనే పంపేవాణ్ణి. పేలుడు జరిగిన రోజున తక్కువ పంపేవాణ్ణి.

ఎండలో ఆ పెట్టె లోపల కూర్చోవడమంటే మూతపెట్టిన ఇడ్లీపాత్రలో కూర్చోవడమే. తెల్ల సిపాయిలు చెమటకి బట్టలన్నీ విప్పేసి, నెత్తిన ఇనప టోపీలు మాత్రం ఉంచుకుని పేకాడేవాళ్ళు. మొత్తం రైల్లో తెలుగొచ్చినవాళ్ళం ఇద్దరం. రెండోవాడు మా యానాంలోనే ఫరంపేట మనిషి, ప్రొటెస్టెంటు. నాకంటే కాస్త పెద్దవాడు. మిషన్‌గన్‌కి తూటాల పట్టీ అందించేవాడు. అసలైన సొల్దా అతనే. ఇంటి దగ్గర భార్యనీ, ఇంకా మెడ నిలవని కూతుర్నీ వదిలి వచ్చాడు.

అతను తిరిగి రాలేదు. చచ్చిపోయాడని సైన్యం అనలేదు, తప్పిపోయాడంది. ఆ ఒక్క మాటకి ఫరంపేట కుళాయి దగ్గర ఆడవాళ్ళు మిగతా కథ అల్లుకున్నారు. అక్కడెవతెనో కట్టుకుని ఉండిపోయాడన్నారు. నేను సెలవు మీద వచ్చినప్పుడు అతని భార్య అడిగింది. తుపాకీ దగ్గర గుండెలో తూటా దిగి పోయాడని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ తర్వాత ఎవరడిగినా కొంచెం కొంచెం పెంచాను. ఒకసారి తగలబడుతున్న వంతెన మీద పోయాడన్నాను. ఒకసారి జెండా పట్టుకుని పోయాడన్నాను. చివరికి జనం ఏమనుకున్నారంటే, ఈ ముసలాడు స్నేహితుడి గుట్టు దాస్తున్నాడు, అందుకే మాట నిలకడగా లేదు అని. నా గొప్పలన్నీ కలిసి అతన్ని పెళ్ళాన్ని వదిలేసినవాడిగా రుజువు చేశాయి.

అతని భార్య ఆ పేరుతోనే ముసలిదైంది. కిందటేడు పోయింది. కూతురికీ ఇప్పుడు డెబ్బై దాటాయి. తల్లి సమాధి రాతి మీద తండ్రి పేరు కూడా చెక్కించాలని ఆమె పట్టు. సంఘపెద్దలు కుదరదన్నారు. పరాయిదేశంలో ఇంకొకత్తెతో కాపురం చేసినవాడి పేరు ఈవిడ పేరు పక్కన ఎలా పెడతామన్నారు.

ఆమె అడవిపొలం పేటలో మా ఇంటికి వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"బాబాయ్, ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చుంటారు. నువ్వొచ్చి చెప్పాలి."

"ఎందుకు రానమ్మాయ్! మీ నాన్న సంగతి నాకంటే బాగా ఎవడు చెబుతాడు?"

"బాగా చెప్పకు. జరిగింది చెప్పు. మళ్ళీ కొండలూ వంతెనలూ తెచ్చావంటే మా నాన్న పేరు ఇంక ఎక్కడా ఉండదు."

ఆదివారం నాడు చర్చి పక్క షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దలు కూర్చున్నారు. వెనకాల చాలామంది నిలబడ్డారు. నా కథ వినడానికి జనం ఎప్పుడూ వస్తారు. నేను గొంతు సవరించుకున్నాను. "ఆ రోజు చుట్టూ శత్రువులు, నా ఫిరంగి ఎర్రగా కాలిపోయి..." అని ఎత్తుకున్నాను. నోటికి అలవాటు.

"ఆయ్, ఫిరంగి మాకు తెలుసండి తాతగారూ," అన్నాడు ఒక పెద్ద. రిటైరైన పంతులు. "ఆయన వంతెన మీద పోయారా, జెండా దగ్గర పోయారా? ఏదో ఒకటి ఖాయం చేసుకుని రండి. మేవు మళ్ళీ వారం కూర్చుంటాం."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, నా వైపు చూడనూ లేదు. గోడకేసిన క్యాలెండర్ వైపు చూస్తోంది.

అప్పుడు చెప్పాను.

"కాలకృత్యాలకి వెళ్ళి చచ్చిపోయాడు. చెంబుచ్చుకుని."

వెనకాల ఎవడో కిసుక్కుమన్నాడు. ఇంక ఆగలేదు. పంతులు కూడా కండువా నోటికడ్డం పెట్టుకున్నాడు. ఆమె అందరి నవ్వూ అయ్యేదాకా ఆగింది.

"అయిందా? అయితే మిగతాది చెప్పనివ్వండి."

చెప్పాను. రైలు ఆగినచోట ఎవరూ దిగకూడదని ఉత్తర్వు. తెల్లవాళ్ళకి డబ్బా, కాగితం సరిపోయేవి. మాకు నీళ్ళు లేందే ఎలా? వాళ్ళు మమ్మల్ని వెక్కిరించేవాళ్ళు. రైలు ఆగినప్పుడల్లా మేమిద్దరం దొంగతనంగా దిగి పక్కన పంటకాలవకి పోయేవాళ్ళం. ఆ రోజు పొద్దున్న పట్టా బాగుచేస్తున్నారు. అతను వచ్చి "రావా?" అన్నాడు. అన్నం ఉడికిపోయింది, గంజి వార్చాలి. "నువ్వెళ్ళు," అన్నాను. కాలవ గట్టు కింద మందుపాతర ఉంది. పట్టా పేల్చినవాళ్ళే, రైలు ఆగితే మేము కాలవకి దిగడం చూసి పెట్టి ఉంటారు.

"వెంటనే పోలేదు," అన్నాను. "నడుం కింద ఏమీ లేదు. చేతులతో పాక్కుంటూ నీళ్ళు, నీళ్ళు అన్నాడు. కాలవ పక్కనే ఉంది, అందలేదు. ఆ మాట రైలు మొత్తంలో అర్థమైంది నాకొక్కడికే. ఏమంటున్నాడని సార్జంటు అడిగాడు. చెప్పాను. ఒకటి పేలిందంటే ఇంకో పది ఉంటాయి, ఎవరూ దిగొద్దన్నాడు. నన్ను వడ్డించమన్నాడు. వడ్డించాను. రైలు కదిలేటప్పటికి ఇంకా అంటూనే ఉన్నాడు. ఉత్తర్వు మీరి దిగినవాడు కాబట్టి యుద్ధంలో పోయాడని రాయలేదు. తప్పిపోయాడని రాసుకున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పంతులు కళ్ళజోడు తీసి తుడిచాడు.

"ఇది నిజమేనండి," అన్నాడు. "కల్పించే మనిషి ఇంత ఛండాలంగా కల్పించడు. తన గొప్ప లేనిది ఈయన అసలే కల్పించడు. పేరు చెక్కించుకోమ్మా."

పెద్దలు అడగని ముక్క ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను. మందుపాతర పేలితే దగ్గర్లోని ఊరిని కొట్టడం మా రైలుకి అలవాటు. కదులుతూ కదులుతూనే ఫిరంగి ఆ ఊరి మీదికి తిప్పారు. కొండ మొన ఎగరగొట్టానని నేను చెప్పుకునేది ఆ గుండు గురించే. తాటాకు ఇళ్ళు, కోళ్ళు, చేటతో బియ్యం చెరుగుతున్న ఒక మనిషి. రెండో గుండుకి చేటా లేదు, మనిషీ లేదు. పేల్చింది నేను కాదు. నేను పళ్ళాలు ఎత్తుతున్నాను. ఆ పూట అన్నం ఏమీ మిగల్లేదు. నేనూ తిన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆమే నేనూ ఒకే ఆటో ఎక్కాం. నన్ను ముందు డ్రైవరు పక్కన కూర్చోమంది. ఫరంపేట మలుపు దగ్గర పడ్డాక అడిగింది.

"ఇన్నాళ్ళూ అమ్మకెందుకు చెప్పలేదు బాబాయ్?"

"సిగ్గుపడుతుందని అమ్మాయ్. ఊరు నవ్వుతుందని."

"ఊరు నవ్వితే నవ్వేది. అమ్మే ముందు నవ్వేది. నవ్వి ఏడ్చేది. ఏడ్చి కుళాయి కాడికెళ్ళి, ఒసే, మా ఆయన ఎవత్తి దగ్గరికీ పోలేదే, కాలవ గట్టుకెళ్ళాడు అని బిందెలన్నీ అడ్డంగా తన్ని చెప్పేది. డెబ్బై ఏళ్ళు తలొంచుకుని నీళ్ళు మోసింది బాబాయ్."

డ్రైవరు తల తిప్పి నన్ను చూశాడు. ఆటో ఆగింది, ఆమె దిగిపోయింది.

రాయి సిద్ధమైంది. తల్లి పేరు కింద తండ్రి పేరు చెక్కారు. ప్రార్థన పెట్టి అందరికీ టీ ఇచ్చారట, పంతులు చెప్పాడు. నన్ను పిలవలేదు.