రాయమల్లు తట్టి కొన్న కుండ

రాయమల్లుకు మనుషుల మీద నమ్మకం తక్కువ. గోదావరిఖనిలో మా పక్క క్వార్టరే ఆయనది. గనిలో బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. ముందు కప్పును కర్రతో తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగితే దాని కింద ఎవరూ నిలబడకూడదు. ఏళ్ల తరబడి తట్టీ తట్టీ మనుషుల్ని కూడా అట్లాగే తట్టి చూసే గుణం ఆయనకు పట్టుకుంది. పాలు పోసే ఆమె నవ్వుతూ పలకరిస్తే ఆ రోజు పాలల్లో నీళ్లెక్కువని తేల్చేసేవాడు.

డెబ్బై ఒకటిలో ఆయన కొడుకు రాజం వరంగల్లులో మెకానికల్ ఇంజనీరింగు ముగించి వచ్చాడు. ఇంజనీర్లు కూడా ఉద్యోగాల్లేక తిరుగుతున్న రోజులవి. రాజానికి మాత్రం రెండు చోట్ల ట్రైనింగుకు పిలుపొచ్చింది. ఒకటి బసంత్‌నగర్ సిమెంటు ఫ్యాక్టరీలో. రెండోది మా గనిలోనే, మొదటి ఏడాదంతా భూమి లోపలి యంత్రాల దగ్గర. వాడి మనసు గని మీదే ఉంది. సోమవారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

"సిమెంటుకే పో. గని అనేటోణ్ణి నమ్మకు" అన్నాడు రాయమల్లు.

ఫిట్టర్ అలీముద్దీన్ గనే మంచిదన్నాడు. రేపు రాజం ఆఫీసరైతే పగటి షిఫ్టు వేయించుకోవాలని అతని ఎత్తని రాయమల్లు తేల్చాడు. నేనూ గనే అన్నాను. నా కొడుకును కూడా లోపల పెట్టించుకోవడానికట. నా కొడుక్కి అప్పటికి పాలపళ్లే ఊడలేదు. చివరికి భార్య లింగవ్వ సిమెంటే మేలని ఆయన పక్షం మాట్లాడినా, బసంత్‌నగర్‌లో ఉన్న తమ్ముడి బిడ్డను రాజానికి కట్టబెట్టే ఆలోచనే అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు గని కూడు తిన్నవాడు కొడుకు విషయంలో గనంటే ఎందుకు జంకుతున్నాడు? ఈసారి ఆయన మీదే నాకు అనుమానం మొదలైంది.

ఆదివారం సంతలో రాయమల్లు కొత్త కుండ కొన్నాడు. కుమ్మరి విసుక్కునేదాకా ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని, వేలితో తట్టి, ఏరి తెచ్చాడు. లింగవ్వ నీళ్లు నింపింది. మేం చాయ్ తాగేలోపు నీళ్లు వాకిట్లోకి పారాయి.

"కుమ్మరోడు మోసం జేసిండు" అన్నాడు రాయమల్లు.

రాజం కుండను ఖాళీ చేసి తట్టాడు. పగిలిన మోత వాకిట్లో ఉన్న నాకే తెలిసింది. "బాపూ, గిది నీకెట్ల ఇనవడ్డది?"

"మంచిగనే ఉన్నది గదా."

రాజం కుండ కింద పెట్టేశాడు. "నీ చెవులు ఎన్నడు పోయినయి బాపూ?"

రాయమల్లు కుండను పక్కకు జరిపాడు. "రెండేండ్లాయె కావచ్చు. పేల్చుడు మోతలకే పోయినయి. మాటలు ఇనవడ్తయి గానీ గా తేడా తెలుస్తలేదు. చెప్తే పని పోతదని చెప్పలే. చెయ్యి ఆనిచ్చి చూస్తున్న, అదురు తెలుస్తది. ఒక్కొక్కపారి తెల్వది." తల దించుకున్నాడు. "నేను తట్టిన కప్పు కిందికి నువ్వొస్తే నాకు పానం నిలవదురా."

"మరి మొగిలి కాక దాని కిందనే గదా సద్ది తింటున్నడు?"

ఆ మొగిలిని నేనే. ముందు భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది. తిడదామంటే రాయమల్లు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రేపు మన షిఫ్టు సర్దారుకు నేనే చెప్త మొగిలీ" అన్నాడు.

"రేపు గాదన్నా, ఇప్పుడే పోదాం పా" అన్నాను. రేపటిదాకా ఆయన మాట నిలుస్తుందని నాకు నమ్మకం లేదు.

సర్దారుకు చెప్పాక ఆయనకు పైన, గనిలోకి దిగేవాళ్లకు లైట్లిచ్చే గదిలో పని దొరికింది. రాజం గని ట్రైనింగులోనే చేరాడు. మొదటి రోజు కొడుకు చేతికి లైటిచ్చి, రాయమల్లు నన్ను పక్కకు పిలిచాడు.

"ఇప్పుడు కప్పు తట్టేది ఎవలు?"

"ఎల్లేశం."

"వానికి మంచిగ ఇనవడ్తదా?"

"ఇనవడ్తది."

"నువ్వు చూసినవా?"

నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం రాజం నా పక్కన కూర్చుని సద్ది విప్పబోతుంటే ఆగమన్నాను. లేచి, ఎల్లేశం తట్టి వెళ్లిన కప్పును మళ్లీ తట్టి విన్నాను.