గోవర్ధన్ కట్టనన్న గది

హుస్సేనీ ఆలంలో పాలమ్మే రామ్‌చందర్ ఎవరినీ ఊరికే నమ్మడు. బర్రెను కొనాల్సి వస్తే అమ్మేవాడి మాట చెవిన పెట్టడు. చుట్టుపక్కల వాళ్లను పట్టుకుని, అది తన్నుతుందా, పాలు ఎగ్గొడుతుందా అని ఆరా తీస్తాడు. అలాంటి మనిషికి ఇల్లు కట్టే కాంట్రాక్టరును ఎంచుకోవాల్సిన అవసరం పడింది. తాతలనాటి వెనక గోడ ఉబ్బి, వాన పడ్డప్పుడల్లా పెచ్చులు రాలుస్తోంది. ఆ గోడ పక్కనే తల్లి కొమురమ్మ మంచం. కూల్చి కట్టక తప్పదు. పైగా అద్దింట్లో అవస్థ పడుతున్న కూతురు స్వీటీకి పైన ఒక గది వేసిస్తానని మాటిచ్చాడు. మాయగాడి పాలబడితే మళ్లీ కట్టుకునే స్తోమత ఈ జన్మలో రాదు.

గోవర్ధన్ అనే కాంట్రాక్టరు వచ్చి, గోడ తట్టి చూసి, లైసెన్సు నకలు చేతిలో పెట్టాడు. దాని మీద ఇంకెవరిదో పేరు.

“ఏంది భాయ్, నీ పేరేది?”

“లైసెన్స్ మా ఇంజనీర్‌ది అన్నా. ప్లాన్ మీద ఆయన సంతకం వెడ్తడు, నేను కడ్త. అందరిది గిట్లనే ఉంటది.”

రామ్‌చందర్ మున్సిపల్ ఆఫీసుకు పోయాడు. లైసెన్సు అసలుదేనని గుమస్తా చెప్పాడు. గోవర్ధన్ పేరు మీద ఎన్ని అనుమతులున్నాయని అడిగితే నవ్వాడు.

“పర్మిషన్ ఇంటోళ్ల పేరు మీద ఉంటది, కాంట్రాక్టర్ పేరు మీద ఎందుకుంటది?”

“మరి ఆయన మంచోడో కాదో నాకెట్ల ఎరుకైతది సార్?”

“ఆయన కట్టిన ఇండ్ల అడ్రస్‌లు తే, చూసి చెప్త.”

తెచ్చాడు. అన్నిటికీ అనుమతులున్నాయి. అతను కట్టిన పని మీద ఒక్క నోటీసు కూడా లేదు.

అక్కడితో ఊరుకుంటే అతను రామ్‌చందర్ ఎందుకవుతాడు? ఆ ఇళ్లకే బయలుదేరాడు. నయాపూల్ దగ్గర రాజన్న ఇంటికి ఒక్క బీట లేదు, చెమ్మ లేదు. రాజన్న మాత్రం మొహం చిట్లించి, “వాడా? మస్తు మొండోడు. మనం జెప్పింది అస్సలు ఇనడు” అన్నాడు. ఇంకో ఇంట్లో ఆమె ఆ పేరు వినగానే తలుపు వేసేసుకుంది. కాగితాలేమో మంచివాడంటున్నాయి, మనుషులేమో తిట్టిపోస్తున్నారు. ఎవరిని నమ్మాలో రామ్‌చందర్‌కు పాలుపోలేదు.

ఆఖరికి యాకుత్‌పురాలో బట్టల వ్యాపారి వైకుంఠం దగ్గరికి పోయాడు. పేరెత్తగానే వైకుంఠం అతని చేయి పట్టుకుని బరబరా మెట్లెక్కించాడు. పై గదిలో నిలబెట్టి తలెత్తమన్నాడు. స్లాబు నిండా పెద్ద పెద్ద చిల్లులు. వంగిన చువ్వల మధ్య నుంచి ఆకాశం కనిపిస్తోంది.

“గిది గోవర్ధన్ ఏసిన స్లాబా?” రామ్‌చందర్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“వాడేస్తే గిట్లెందుకైతది? కిందిల్లు వాడే కట్టిండు. పైన ఈ గది ఎయ్యమంటే, ప్లాన్‌ల లేదు, ఎయ్యనన్నడు. బతిమాలిన, ఇనలే. ఇంకోన్ని పిలిచి ఏపిచ్చిన. మున్సిపాలిటోళ్లొచ్చి, పర్మిషన్ లేదని గిట్ల పొడిచి పోయిండ్రు. అంతా ఆ గోవర్ధన్ వల్లనే!”

ఆ లెక్క విని ఇంకెవరైనా అయితే నవ్వేవారు. రామ్‌చందర్‌కు నవ్వు రాలేదు. తన ప్లానులోనూ స్వీటీ గది లేదు; ఆ ఇరుకు సందులో పైన కట్టడానికి అనుమతి రాదు. గోడలు లేచాక మెల్లగా అడుగుదామని ఆ సంగతి గోవర్ధన్ దగ్గర దాచాడు.

ఇంటికి రాగానే కొమురమ్మ మంచం మీది నుంచే అడిగింది.

“మంచోడేనా బిడ్డా?”

“మంచోడే అమ్మా.”

“మరి మొకం గట్ల వెట్టినవేంది?”

కాళ్లరిగేలా తిరిగింది దొంగ కానివాడి కోసం. తీరా దొరికాక, వాడు కొంచెం దొంగైతే బాగుండుననిపిస్తోంది. అలా అనిపించినందుకు సిగ్గుగానూ ఉంది. తల్లి దుప్పటి మీద రాలిన సున్నం దులిపి, ఫోన్ తీశాడు.

“గోవర్ధన్ భాయ్, పని షురూ చేద్దాం.”

“మంచిది అన్నా. ముందుగాల్నే ఒక మాట. ప్లాన్‌ల ఉన్నదే కడ్త. పైన ఇంకేమన్న అనుకుంటున్నరా?”

“ఏం లేదు భాయ్,” అన్నాడు రామ్‌చందర్.

పెట్టేశాడో లేదో ఫోన్ మోగింది. స్వీటీ.

“బాపూ, కాంట్రాక్టర్ కుదిరిండా? నా రూమ్‌కు కిటికీ ఎటు దిక్కు పెట్టిస్తున్నవ్?”