వేలి కింద మొహం

ఆ వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ స్టూడియో అక్కే. ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా పాస్‌పోర్టు ఫొటో కోసం వచ్చి, "స్టూడియో అక్కా, కాస్త తెల్లగా రావాలి" అని బతిమాలుకునేవాళ్ళు. ఆవిడ వాళ్ళని స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం దించండి, భుజాలు వదలండి, ఊపిరి బిగపట్టకండి, మీరేం దొంగతనం చేయలేదు" అని కసిరేది. వాళ్ళు నవ్వబోయి ఆగిన క్షణంలో ఠక్కున నొక్కేది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని మొటిమలు, మచ్చలు, కళ్ళ కింద నలుపు ఒక్కొక్కటే తీసేసేది. ఆవిడ చేతిలో పడితే ముడతలు కూడా చెప్పాపెట్టకుండా మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయేవి. ఉద్యోగం కోసం ఫొటో దిగినవాడు అప్పుడే ఉద్యోగం వచ్చినవాడిలా కనిపించేవాడు. ఆ పనిలో ఆవిడకి తిరుగులేదు. ఆ సంగతి ఆవిడకీ బాగానే తెలుసు. చిక్కంతా చెల్లెలి చేతికి కెమెరా ఉన్న ఫోను వచ్చాకే మొదలైంది.

చెల్లెల్ని నాన్న పిచ్చుక అని పిలిచేవాడు. ఒక్కచోట కుదురుగా నిలబడేది కాదు. ఇప్పుడు స్టూడియోకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల, లాండ్రీ దుకాణంలో పని చేస్తోంది. బట్టలు తీసుకోవడం, చీటీ రాసివ్వడం, ఇస్త్రీ అయినవి హ్యాంగర్లకి తగిలించడం. ఫొటోల పని నాన్న పెద్దదానికే నేర్పాడు. చిన్నది ఒకసారి చీకటిగది తలుపు బార్లా తెరిచి, మందునీళ్ళలో నానుతున్న ఫొటో కాగితాలన్నీ నల్లబరిచింది. ఆ రోజుతో దాన్ని లోపలికి రానివ్వడం బంద్. కెమెరా అక్క మెళ్ళో పడింది, చీపురు చెల్లెలి చేతిలో పడింది. ఎవరి వాటా వాళ్ళకి దక్కిందని అక్క అనుకుంది. నిజం చెప్పాలంటే, చాలాకాలం అసలు దాని గురించి ఏమీ అనుకోలేదు.

ఫోను వచ్చాక పిచ్చుక రోజుకొక ఫొటో తీయడం మొదలుపెట్టింది. ఏం ఫొటోలని అడిగితే చెప్పడానికేమీ ఉండదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళ కాళ్ళూ చెప్పులూ. దుప్పట్ల మూట మీద తల పెట్టి నిద్రపోయిన ఇస్త్రీ ఆయన. చిరిగిన సంచిలోంచి దొర్లిపోతున్న ఉల్లిపాయల వెనక పరిగెడుతున్న పెద్దమనిషి.

"చెప్పుల్ని ఎవరైనా ఫొటో తీస్తారటే?" అని అక్క మొదట్లో పడీపడీ నవ్వింది.

"వాటికి గడ్డం దించమని చెప్పక్కర్లేదక్కా" అంది పిచ్చుక.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఒకరోజు పిచ్చుక చూపించిన ఫొటోలో లాండ్రీలో వేలాడుతున్న చొక్కాలున్నాయి, అంతే. వాటి వెనక సాయంత్రపు ఎండ. ప్రతి చొక్కాలోనూ వెలుగు నిండి, ఇప్పుడే ఎవరో విప్పి వెళ్ళినట్టు, మళ్ళీ వచ్చి తొడుక్కుంటారన్నట్టు ఉన్నాయి. అక్క నవ్వడానికి నోరు తెరిచి మూసుకుంది. ఆ చొక్కాలు ఆవిడ కుర్చీలోంచి రోజూ కనిపించేవే. ఆ ఎండ రోజూ వచ్చేదే. మరి తనకెందుకు కనిపించలేదు?

అప్పుడు అంటుకుంది కడుపులో మంట. దానికి తోడు మొగుడొకడు. బడిపిల్లల వ్యాను నడుపుతాడు, నోట్లో నువ్వుగింజ నానదు.

"మరదలు పిల్ల ఫొటో చూశావా? మా డ్రైవర్లందరికీ పంపించా. ఒకడైతే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు" అన్నాడు అన్నం దగ్గర.

"నా ఫొటోలు ఎప్పుడైనా పంపించారా మీరు?"

"నీవి పాస్‌పోర్టు ఫొటోలు కదే. ఎవరి మొహాలో ఏమిటో, నేనెవరికి పంపను?"

ఆ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఆవిడకి ఒళ్ళు మరింత మండింది. ఆ పూట అలిగింది కానీ, ఎందుకలిగావంటే చెప్పుకోలేని అలక అది. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు మజ్జిగ తాగి లేచాడు.

సరే, అదేమంత బ్రహ్మవిద్యా అనుకుని, ఓ సెలవురోజు స్టూడియో అక్క పెద్ద కెమెరా మెళ్ళో వేసుకుని వీధిలోకి బయల్దేరింది. చెప్పులు కుట్టే ఆయన ఆవిడని చూడగానే సూది పక్కన పెట్టి నిటారుగా కూర్చున్నాడు. కూరగాయలామె మొహం తుడుచుకుంది. దొర్లుతూ కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లలు లేచి, చొక్కా గుండీలు పెట్టుకుని, గడ్డాలు దించి వరసలో నిలబడ్డారు. "స్టూడియో అక్కా, ఇలా బాగుందా?" అని వీధి వీధంతా అడిగింది. ఇంటికొచ్చి చూసుకుంటే ఊరంతా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నట్టుంది. ఆవిడ ఆ ఫొటోలన్నీ చెరిపేసి, కెమెరాని దాని పెట్టెలో పెట్టి, పెట్టెని బీరువాలో పెట్టి, బీరువాకి తాళం కూడా వేసింది.

ఇలా ఉండగా వీధి చివర కొత్తగా క్లినిక్ పెడుతున్న డాక్టరమ్మ ఒక మధ్యాహ్నం స్టూడియోకి వచ్చింది. రోగులు కూర్చునే గదిలో గోడంత ఫొటో పెట్టాలట, ఈ వీధిదే అయ్యుండాలట. అక్క మొహం వెలిగిపోయింది. గోడంత ఫొటో అంటే ఈ వీధిలో ఇంకెవరిని అడుగుతారు? మేడ మీంచి తీసిన సూర్యోదయం ఉంది, దీపాలు వెలిగిన వీధి ఉంది. సొరుగు సగం లాగింది.

"మీ చెల్లెలి ఫొటోలు చూశానండీ, నా తెల్లకోట్లు లాండ్రీకి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు" అంది డాక్టరమ్మ. "ఏది పెట్టాలో తనే చూపిస్తానంది. మీరు పెద్దది చేసి ఇస్తే చాలు. ఇక్కడ అంత మంచి ప్రింటు మీరు తప్ప ఎవరూ తీయలేరటగా."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. స్టూడియో అక్క సొరుగుని మెల్లగా లోపలికి తోసి, "దానికేం భాగ్యమండీ" అంది. పైకి నవ్వింది కూడా. నవ్వించడంలో అంత అనుభవం ఉన్న మనిషికి నవ్వడం ఒక లెక్కా?

ఆ సాయంత్రమే పిచ్చుక రోడ్డు దాటి వచ్చింది. "ఇదక్కా" అంటూ ఫోనులో ఫొటో చూపించింది. వానలో స్టూడియో ముందు రేకు కింద తలదాచుకున్న జనం. అంతకన్నా అక్క చూడదలుచుకోలేదు.

"ఇదా? ఇంతకన్నా మంచివి లేవూ?"

"ఇదే." పిచ్చుక కాసేపు అక్క మొహంలోకి చూసింది. "ఒక్క మాట. దీని మీద నీ చెయ్యి పెట్టకు. ఎలా ఉన్నది అలాగే తియ్యి."

"నా చెయ్యి పెడితే చెడిపోతుందా?"

"చెడిపోతుందని కాదక్కా. బాగుపడుతుందని భయం."

ఆ మాట పట్టుకుని రాత్రంతా పక్కమీద దొర్లింది అక్క. నిన్నకాక మొన్న ఫోను పట్టుకున్నది, తనకి చెబుతోంది!

మర్నాడు మధ్యాహ్నం గిరాకీ లేని వేళ కంప్యూటరులో ఆ ఫొటో తెరిచి పెద్దది చేసింది. చెయ్యి పెట్టొద్దన్నందుకైనా పెట్టి తీరాలనిపించింది. ముందు పైన వేలాడుతున్న కరెంటు తీగ తీసేసింది. రేకు మీద తుప్పు మరక తుడిచేసింది. ఫొటో కాస్త ఎడమకి ఒరిగి ఉంటే నిలబెట్టింది. మనుషులు బాగానే ఉన్నారు, అదే ఆవిడ బాధ. ఒకడు ఆకాశంలోకి, ఒకామె తడిసిన తన కాళ్ళవైపు, ఒక పిల్లవాడు వాళ్ళమ్మ సంచిలోకి చూస్తున్నారు. ఎవరి లోకం వాళ్ళది. ఎక్కడ తప్పు దొరుకుతుందా అని మూలమూలా వెతుకుతూ పోతే, వాళ్ళ భుజాల మధ్య, అద్దం తలుపు లోపల, దీపం వెలుగులో ఒక ఆడమనిషి మొహం కనబడింది.

అందరిలోనూ ఆవిడొక్కతే ఇటు చూస్తోంది. పెదవులు బిగించి, కళ్ళు చికిలించి, అవతలివాళ్ళ చేతిలోది లాక్కునేదానిలా చూస్తోంది.

"ఎవరమ్మా ఈవిడ! ఎంత కుళ్ళుమోతు మొహం!" అని పైకే అనేసింది స్టూడియో అక్క.

ఇంకాస్త పెద్దది చేసింది. ఆ మనిషి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఉంది. కళ్ళజోడు కాడకి తెల్లదారం చుట్టి ఉంది. అక్క చెయ్యి తనంతట తనే నుదుటి మీదికి పోయింది. అక్కడ కళ్ళజోడు ఉంది, దానికి దారమూ ఉంది.

ఆ వానరోజు గుర్తొచ్చింది. తన రేకు కిందే అంతమంది నిలబడ్డారు. రోడ్డుకి అవతల చెల్లెలు ఫోను ఎత్తింది. అప్పుడే తనకి ఆ జనం ఫొటోలాగా కనిపించారు, కానీ తనవైపు ఉన్నవి వాళ్ళ వీపులే. ఫొటో తీయాల్సిన వైపు చెల్లెలుంది, తను ఇవతల ఉండిపోయింది. ఆ క్షణంలో ఎంత మండిందో ఇప్పటికీ జ్ఞాపకమే. అదంతా మొహం మీదికి వచ్చిందని మాత్రం తెలియదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఆవిడ గడ్డం దించే చూసుకునేది.

ఇక ఇది గోడకెక్కుతుంది. జ్వరమొచ్చినవాడూ దగ్గొచ్చినవాడూ తమ వంతు వచ్చేదాకా కూర్చుని దీన్నే చూస్తారు. సొంత చెల్లెల్ని చూసి ఓర్వలేని మనిషిని ఊరంతా చూస్తుంది. ఒక మొహం తీసేయడం ఆవిడకెంత పని? పక్కన ఉన్న చీకటిని కాస్త తీసుకుని పైన పూసింది. మొహం పోయింది. తలుపు వెనక ఖాళీగది మిగిలింది. శుభ్రంగా, ముచ్చటగా ఉంది. పిచ్చుక అడిగితే, ఫోనులో తీసినవి పెద్దవి చేస్తే ఇలాగే అవుతాయే అని చెప్పొచ్చు.

చిన్న ప్రింటు తీసి బల్ల మీద పెట్టుకుని చూసింది. వానకి నిలబడ్డ జనం. అంతే. ఒకసారి చూసి పేజీ తిప్పేసే బొమ్మ.

నాన్నకి ఒక అలవాటు ఉండేది. ముందుగదిలో, ఫొటోలకి వెనక కట్టే బొమ్మల తెర పక్కన, ఆరేసిన ఫొటోల ముందు పెద్దదాన్ని నిలబెట్టి, ఫొటోలో ఒకచోట బొటనవేలు అడ్డం పెట్టేవాడు. "ఇది లేకపోతే ఫొటో బతుకుతుందా? బతికితే ఇది కత్తిరించెయ్. చచ్చిపోతే, ఇదే ఫొటో" అనేవాడు. ఎవరి పెళ్ళి ఫొటో అయినా సరే, పెళ్ళికొడుకు మీద కూడా వేలు పెట్టి చూసేవాడు. పెళ్ళికొడుకు లేకుండా బతికిన ఫొటోలు చాలానే ఉండేవి.

అక్క చెల్లెలి ఫొటోని మొదట ఉన్నట్టే ఇంకో కాగితం మీద తీసింది. తన మొహం మీద బొటనవేలు పెట్టింది. ఫొటో చచ్చిపోయింది. వేలు తీసింది. రేకు కింద నిలబడ్డ అంతమందికీ ప్రాణం వచ్చింది. ఎవరూ చూడనిదాన్ని ఒకావిడ చూస్తోంది, ఏం చూస్తోందా అని మనకీ వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది. మళ్ళీ వేలు పెట్టింది, మళ్ళీ తీసింది. ఎన్నిసార్లు చేసినా అదే తీర్పు.

"దొంగముండ, ఎంత బాగా తీసిందీ" అంది. ఏడుపొచ్చింది. సిగ్గుకి కొంచెం, అసూయకి చాలా. తీగ, మరక, ఆ ఎడమవైపు ఒరగడం, అన్నీ ఎక్కడివక్కడే ఉన్న అసలు ఫొటోనే గోడంత ప్రింటు తీసింది. రంగు చూసుకుని, ఒకసారి నచ్చక చింపేసి, మళ్ళీ తీసింది. అంత మంచి ప్రింటు అంతవరకు తన ఫొటోలకి కూడా తీయలేదు.

క్లినిక్ తెరిచిన రోజు వీధంతా వచ్చింది. అనుకున్నంతా అయింది. "అరే, అది నువ్వేనే!" అని మొగుడు గదంతా వినబడేలా అరిచాడు. "కందిరీగ కుట్టినదానిలా చూస్తున్నావేంటే?" కూరగాయలామె నోరు నొక్కుకుని నవ్వింది. చెప్పులు కుట్టే ఆయన మాత్రం చాలాసేపు చూసి, "అందరికన్నా నువ్వే బాగా పడ్డావు స్టూడియో అక్కా" అన్నాడు. అది పొగడ్తో వెక్కిరింతో తేల్చుకునేలోపు ఆయన కాఫీ కోసం వెళ్ళిపోయాడు.

జనం పలచబడ్డాక పిచ్చుక పక్కకి వచ్చి నిలబడింది.

"తుడిచేస్తావనుకున్నా" అంది.

"తుడిచాను."

"మరి?"

"వేలు పెట్టి చూశాను."

పిచ్చుక నవ్వలేదు. ఫ్రేము దగ్గరికి వెళ్ళి, అద్దం మీద, సరిగ్గా అక్క మొహం ఉన్నచోట, బొటనవేలు ఆనించింది. "నాన్న నీకొక్కదానికే చెప్పాడనుకున్నావా? బొమ్మల తెర వెనక నేనూ ఉండేదాన్ని, చీపురు పట్టుకుని. ఆయన వేలు పెట్టిన ప్రతిసారీ చూశాను."

అక్క ఆ బొటనవేలివైపే చూస్తోంది.

"చిన్నప్పటినుంచీ నిన్ను చూసి కుళ్ళుతూనే ఉన్నానక్కా. కెమెరా నీ మెళ్ళో వేసిన రోజునుంచి. నేను తీసేవి ఫొటోలో కావో నాకు తెలిసేది కాదు. వాళ్ళు బాగుందంటారు, వీళ్ళు బాగుందంటారు, బావైతే ఆకాశానికెత్తేస్తాడు. వాళ్ళకేం తెలుసు? ఆ వానరోజు నీ మొహం చూశాక, అప్పుడు నమ్మాను నాకూ వచ్చిందని."

"అందుకని ఊరందరి ముందు నన్ను కుళ్ళుమోతుదాన్ని చేస్తావా?"

"నేను ఇన్నాళ్ళూ ఎవరికీ కనబడకుండా కుళ్ళలేదా?"

"ఎడమకి ఒరిగింది, తెలుసా నీ ఫొటో?" అంది అక్క.

"తెలుసు. నిలబెడతావేమోనని హడలిపోయా" అంది పిచ్చుక. డాక్టరమ్మ పిలిస్తే అటు వెళ్ళింది.

అక్క ఫొటో ముందు ఒక్కతే మిగిలింది. పిచ్చుక వేలి ముద్ర అద్దం మీద జిడ్డుగా పడి, ఆ మొహం మసకబారింది. అలా వదిలేస్తే దూరంనుంచి చూసేవాళ్ళకి అక్కడ ఎవరున్నారో తెలియదు. కడుపులో మంట ఎక్కడికీ పోలేదు. చెల్లెలు మంచి ఫొటో తీసింది, అది తను తీయలేదు. ఆవిడ సంచిలోంచి లెన్సు తుడుచుకునే మెత్తని గుడ్డ తీసింది. అద్దం మీద ఆవిరి ఊది, తన మొహం స్పష్టంగా బయటపడేదాకా తుడిచింది.