ఊడదీసిన చివరి పేజీలు

రేణిగుంట స్టేషన్ బయట అద్దె పుస్తకాల బంకు నడిపే ఆయనకి ఒక పిచ్చి ఉండేది. ఏ డిటెక్టివ్ నవల వచ్చినా చివరి పేజీలు ఊడదీసి గల్లాపెట్టెలో దాచేవాడు. మిగతాది చదివి వచ్చి హంతకుడెవరో చెబితేనే అవి ఇచ్చేవాడు. తప్పు చెప్పినా సరే, ఒక పేరు చెప్పి తీరాలి.

రాత్రి ఆ మిగతాది చదివేశాక, మర్నాడంతా తిరుపతి ఆఫీసులో నాకు ఫైళ్ళ మీద మనసు నిలిచేది కాదు. వంటమనిషా? వకీలా? సాయంత్రం రైలు పూర్తిగా ఆగకముందే దూకేసేవాణ్ణి.

"ఎవురప్పా సంపింది?" అని బొటనవేలి గోరు కొరుకుతూ అడిగేవాడు.

"వకీలు."

"యాడ వకీలు! సదువుకో పో" అని పేజీలిచ్చేవాడు. నేను అక్కడే నిలబడి చదువుతుంటే, నోరు తెరుచుకునే నా ముఖాన్ని చూసి మురిసిపోయేవాడు.

ఒకసారి సరిగ్గా చెప్పేశాను. కుర్చీలోంచి లేవలేని ముసలమ్మే హంతకురాలు. ఆయన గోరు కొరకడం ఆగిపోయింది.

"నీకే తెలిసిపోయినాక ఇంక నాకేముండాది?" అంటూ పేజీలు బల్లమీద పడేశాడు. అవి నాకూ చదవబుద్ధి కాలేదు.

తర్వాతి నవలలోనూ హంతకుడు నాకు దొరికిపోయాడు, తమ్ముడే. కానీ ఆయన ముఖం మళ్ళీ అలా వాడిపోవడం చూడలేక, "తోటమాలి" అన్నాను.

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. నా చెవులు వేడెక్కాయి.

"అబద్ధం సెప్తా ఉండావు" అన్నాడు. ఉన్నట్టుండి ఆయన ముఖం విప్పారింది. "నువ్విట్లా సేస్తావని మాత్రం నేననుకోలేదబ్బా!"