బీరయ్య తీసుకున్న బయానా

బీరయ్య ఆశకు పోయి షేర్ మార్కెట్ ఆప్షన్లలో మునిగాడని మా పాత మేనేజరు ఇప్పటికీ చెబుతుంటాడు. మునిగాడన్నది అబద్ధం. ఆశకు పోయాడన్నది ఇంకా పెద్ద అబద్ధం. ఏ పెళ్లిలో కలిసినా బంతిలో కూర్చోగానే, "గొర్లు కాసెటోనికి ఆప్షన్లు ఎందుకు చెప్పుండ్రి" అని మొదలుపెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఒకసారి నేను అక్కడే అందుకున్నాను. "సార్, ఆ ఆర్డర్ కొట్టింది నేను. మీరు ఆ పూట మీ కేబిన్ల ఏసీ బాగుచేయించుకుంటున్నరు" అన్నాను. ఆయన పెరుగన్నం మీదికి దృష్టి మళ్లించాడు గానీ కథ మాత్రం మానలేదు. అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

2017 జూన్‌లో నన్ను హైదరాబాదు నుంచి నల్లగొండ బ్రాంచికి సీనియర్ డీలర్‌గా పంపారు. షేర్ల బ్రోకరు కంపెనీలో డీలరంటే సలహాలు చెప్పే మనిషి అనుకుంటారు. కాదు. క్లయింటు చెప్పిన ఆర్డరును టెర్మినల్‌లో కొట్టే మనిషి. ఏ షేరు, ఎన్ని, ఏ ధరకు, కొనడమా అమ్మడమా, ఇవన్నీ క్లయింటు నోటి నుంచే రావాలి. మేము తిరిగి చదివి వినిపించాలి. "అవును" అన్నాకే మీట నొక్కాలి. ఫోన్లో అయితే మాట రికార్డయ్యే లైన్ మీదే మాట్లాడాలి. డీలరు పైన బ్రాంచి మేనేజరు, ఆయన పైన హైదరాబాదులో రిస్క్ విభాగం. ఆప్షన్లు కొట్టాలంటే విడిగా పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మా బ్రాంచిలో అది నాకొక్కదానికే ఉండేది. మేనేజరుకు లేదు. ఈ సంగతి ఆయన పెళ్లిళ్లలో చెప్పడు.

బ్రాంచి గడియారం సెంటర్ దగ్గర ఒక మేడ మీద ఉండేది. రిటైరైన పంతుళ్లు, పురుగుమందుల దుకాణం వాళ్లు, ఒక రైస్ మిల్లు ఓనరు, నార్కట్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఒక లారీల యజమాని. అందరూ ఒకే తెర వైపు చూస్తూ ఒకేసారి మాట్లాడేవాళ్లు. నేను అందరికంటే గట్టిగా మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా నాదే, వాదించడానికి మనిషి లేడు. పొద్దున మార్కెట్ తెరిచే వేళకు చెవులు ఆ గది కోసం వెతుకుతాయి.

బీరయ్య ఆ గదికి దేవరకొండ అవతలి ఒక పల్లె నుంచి వచ్చేవాడు. గొర్ల కాపరి. మంద మేపుకుంటూ అచ్చంపేట దాటి నల్లమల అంచుదాకా ఏటా నడిచినవాడు. ఊరి పక్క మేపు జాగాలన్నీ ప్లాట్లయి హద్దురాళ్లు పడ్డాయి. అదే ఏడు మోకాలికి ఆపరేషన్ అయింది. మంద అమ్మేశాడు. ఆ డబ్బు పెట్టి ఒకే ఒక్క మందుల కంపెనీ షేర్లు కొన్నాడు. మనుషులకూ పశువులకూ మందులు చేసే కంపెనీ అది. ఎందుకు అదే అని అడిగితే, "దాని నట్టల మందు సీసాలు చిన్నప్పటిసంది జీవాల నోట్ల వోసిన చెయ్యి ఇది. జీవాలకు రోగం రాని యేడున్నదా మేడమ్మా?" అన్నాడు.

కొన్నాక పని లేదు. ఫోన్ చేసి ధర అడిగితే సరిపోతుంది. అయినా రెండు బస్సులు మారి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవాడు. "ఇంట్ల సప్పుడు లేదు మేడమ్మా. మంద అమ్మినకాన్నుంచి చెవులు ఖాళీగున్నయి. ఈడ కూసుంటె మందల కూసున్నట్టే ఉంటది" అన్నాడు ఒకరోజు. మేనేజరు విన్నాడు. "ఏమయ్యా, మమ్ముల గొర్లంటున్నవా?" అని దబాయించాడు. "గొర్లయితె చెప్పిన మాట ఇంటయి సారూ" అన్నాడు బీరయ్య. ఆ రోజు మా గది నవ్వినట్టు మళ్లీ నవ్వలేదు.

మోకాలు కుదుటపడ్డాక అతనికి ఒకటే ధ్యాస, మళ్లీ మంద. 2019 చలికాలంలో అచ్చంపేట దగ్గర ఒక ముసలాయన దొరికాడు. పేరు మల్లయ్య. కాసే మనిషి లేక మందను మందగా అమ్ముతానన్నాడు. బీరయ్య బయానా ఇచ్చాడు. వానలు పడేలోపు మిగతాది కట్టి తోలుకపోవాలని మాట. అప్పటినుంచి వారం వారం అచ్చంపేట పోయి, ఆ జీవాలకు తన కూత అలవాటు చేసి వచ్చేవాడు. ముందు నడిచే నల్లమేక ఒక్కటి మొండిదట, నెల దాటాకే దారికొచ్చిందట. ఆ మేక సంగతి మా గదిలో తెలియనివాళ్లు లేరు. "మా ఇంటిది ఏమంటదో ఎరికేనా మేడమ్మా? 'మోకాలు బాగయింది, బుద్ధి బాగుగాలె' అంటది" అని తానే చెప్పి నవ్వేవాడు. ఆమె మాటలో కోపం లేదని అతని నవ్వే చెప్పేది.

షేర్లు అమ్మితే మందకు సరిగ్గా సరిపోతుంది. మంచి ధర చూసి అమ్ముదామనుకున్నాడు. అంతలో 2020 మార్చి వచ్చింది.

కరోనా భయానికి మార్కెట్ పడింది. సూచీ ఒక హద్దు దాటి పడితే లావాదేవీలన్నీ కాసేపు ఆపేస్తారు, దాన్ని లోయర్ సర్క్యూట్ అంటాం. పుస్తకంలో చదివినదాన్ని మొదటిసారి తెర మీద చూశాను. పురుగుమందుల దుకాణపాయన అన్నీ అమ్మేయమన్నాడు. లారీల యజమాని చెప్పకుండా లేచి వెళ్లిపోయాడు. బీరయ్య షేర్లూ పడ్డాయి, మంద ధర అందనంతగా పడ్డాయి. అతను అమ్మలేదు. "పిడుగు పడ్డనాడు మందను ఇడిచి ఉరుకుతరా?" అన్నాడు.

ఆ వారమే హైదరాబాదు ఆఫీసు నుంచి ఆప్షన్ల గురించి చెప్పే ఒక అధికారి వచ్చాడు. మార్కెట్ ఇలా ఊగేటప్పుడు ఆప్షన్ల ప్రీమియంలు, అంటే వాటికి పలికే ధరలు, ఉబ్బుతాయి. ఆయన బీరయ్యకు చెప్పిందిది: నీ దగ్గర ఒక లాటుకు, అంటే ఆప్షన్లకు కావలసిన కనీస లెక్కకు, సరిపడా షేర్లున్నాయి. నెలాఖరుకు ఫలానా ధరకు వాటిని కొనుక్కునే హక్కు వేరేవాళ్లకు అమ్ము. దాన్నే కాల్ అమ్మడం అంటారు. ఆ హక్కుకు వచ్చే ప్రీమియం ఇప్పుడే నీది. ధర అంతదాకా పోకపోతే షేర్లూ నీవే.

బీరయ్య సాంతం విని, "బయానా గద సార్ గిది? గింత ధరకు నెలాఖరుల తీస్కపోత అని ఎవరో నాకు బయానా ఇస్తున్నట్టు" అన్నాడు. అధికారి సంతోషంగా, కరెక్ట్, అంతే అన్నాడు. పోలిక బాగానే ఉంది, అక్కడిదాకా.

ఆ ధర అప్పటి మార్కెట్ ధరకు దగ్గరగా పెడితే ప్రీమియం ఎక్కువ, దూరంగా పెడితే తక్కువ. బీరయ్య ఏప్రిల్ నెలాఖరుకు బాగా దగ్గరి ధర ఎంచుకున్నాడు. నేను ఆర్డరు తిరిగి చదివి వినిపిస్తూ, "బీరయ్యన్నా, గీ ధరకు పోతే నీ మంద రాదు, చూసుకో" అన్నాను. "ఆ ధరకు ఇచ్చుడెక్కడిది మేడమ్మా" అని నవ్వాడు. ధర అంతదాకా పెరగదన్న ధీమా అనుకున్నాను. నిబంధన ప్రకారం రిస్క్ పత్రం కూడా చదివాను. ఆప్షన్ అమ్మినవారికి నష్టానికి పరిమితి ఉండకపోవచ్చు అన్న వాక్యం దగ్గర అతను మళ్లీ నవ్వాడు. "హద్దు లేని నష్టం ఏ అంగట్లుంటది?" అన్నాడు. ఆ నవ్వులో ఉన్నది ధీమా కాదు, నమ్మకం. వాళ్ల అంగడిలో తరాలుగా చెల్లుతున్న ఒక నియమం మీద నమ్మకం. అది నాకు తెలిసేసరికి ఏప్రిల్ సగం గడిచింది.

లాక్‌డౌన్‌లో మా బ్రాంచికి పాసులిచ్చారు. గదిలో నేనూ, కంప్యూటర్లు చూసే ఆయనా మాత్రమే ఉండేవాళ్లం. మార్కెట్ లేచింది. మందుల కంపెనీలు అన్నిటికంటే ముందు లేచాయి. బీరయ్య షేర్లు అతను ఒప్పుకున్న ధర దాటి, మంద ధరా దాటి పైకి పోయాయి. ఒక పొద్దున రికార్డు లైన్ మోగింది. అంత సంతోషంగా ఉన్న గొంతు ఆ నెలలో నేను ఇంకొకటి వినలేదు.

"మేడమ్మా, షేర్లు అమ్ముండ్రి. ఆ బయానా ఇచ్చినాయనకు రెట్టింపు వాపస్ కట్టుండ్రి. మల్లయ్యకు ఫోన్ కొడుతున్న."

"రెట్టింపేంది బీరయ్యన్నా?"

నాకు తెలియకపోవడం అతనికి వింతగా తోచింది. ఓపికగా చెప్పాడు. గొర్ల బేరంలో కొనేవాడు వెనక్కి తగ్గితే ఇచ్చిన బయానా పోతుంది. అమ్మేవాడు వెనక్కి తగ్గితే తీసుకున్న బయానాకు రెట్టింపు కట్టి తప్పుకుంటాడు. అంతటితో తగవు లేదు, ఇద్దరూ కలిసి చాయ తాగి పోతారు. తనకు పడే గరిష్ఠ నష్టం రెట్టింపు బయానా అని లెక్క వేసుకునే అతను దగ్గరి ధర ఎంచుకున్నాడు. ఎవరినీ అడగలేదు. లోకమంతా ఎరిగిన సంగతిని ఎవరైనా అడుగుతారా?

మా బజారులో ఆ నియమం లేదని చెప్పాను. తప్పుకోవాలంటే అమ్మిన కాల్‌ను ఈనాటి ధరకు తిరిగి కొనాలి. షేరు ఎంత పెరిగిందో ఆ కాల్ కూడా దాదాపు అంతే పెరిగింది. అలా కొని తప్పుకున్నా, తప్పుకోకుండా నెలాఖరున షేర్లు ఇచ్చేసినా చేతికి వచ్చేది ఒకటే, ఒప్పుకున్న ధరా, ముందు తీసుకున్న ప్రీమియమూ.

"ఆయన పేరేంది మేడమ్మా?" అన్నాడు అంతా విని.

"ఎవరి పేరు?"

"బయానా ఇచ్చినాయనది. నంబరియ్యి, నేను మాట్లాడుకుంట. జీవాలు కొనుక్కోవాలె, గీ ఒక్కపారి ఇడువు అన్నా అని అడుగుత. ఏ ఊరోడైనా గంత మాట ఇనడా?"

పేరు ఎవరికీ తెలియదని చెప్పాల్సి వచ్చింది. మా దాంట్లో కొనేవాడూ అమ్మేవాడూ ఎదురుపడరు. మధ్యలో క్లియరింగ్ సంస్థ ఉంటుంది. అమ్మినవాడికి అదే కొన్నవాడు, కొన్నవాడికి అదే అమ్మినవాడు. ఒకరు మాట తప్పినా ఇంకొకరికి నష్టం రాకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఇరవై ఏళ్లుగా దాన్ని క్లయింట్లకు గొప్పగా చెబుతూ వచ్చాను. బీరయ్య విన్నాడు. "పేరు లేనోడు బయానా ఎట్లిస్తడు?" అన్నాడు. తిట్టలేదు. నిజంగానే అడిగాడు.

రిస్క్ విభాగానికి ఫోన్ చేశాను. దారి లేదని నాకూ తెలుసు. అయినా వాదించాను. అవతలి మనిషి మర్యాదగా, మేడం, ఆ పేపరు మీరే కదా రాసి పాసయ్యింది అన్నాడు. నెలాఖరు గురువారం గడువు తీరింది. షేర్లు ఒప్పుకున్న ధరకు బీరయ్య ఖాతా నుంచి వెళ్లిపోయాయి.

మేనేజరుగారు వినాల్సింది ఇది. ప్రీమియం కలిపితే బీరయ్యకు వచ్చింది అతను పెట్టినదాని కంటే ఎక్కువే. మా స్టేట్‌మెంటులో అది లాభం. ఆదాయపు పన్ను వాళ్ల దృష్టిలోనూ లాభం. మునిగిన మనిషి ఇలా ఉంటాడా? పోయింది మంద. అది ఏ స్టేట్‌మెంటులోనూ రాదు.

చేతికి వచ్చింది మంద ధరకు కొంచెం తక్కువైంది. కొన్నాళ్లు గడువు ఇమ్మని మల్లయ్యను అడిగాడు. అప్పటికే మాంసం ధర పెరిగి ఉంది. పట్నం నుంచి వచ్చినవాళ్లు మొత్తం మందకు ఎక్కువ చెప్పారు. మల్లయ్య బీరయ్యను పిలిపించి, జొన్నరొట్టె పెట్టి, రెట్టింపు బయానా చేతిలో పెట్టాడు.

బస్సులు తిరగడం మొదలయ్యాక బీరయ్య బ్రాంచికి వచ్చి ఇదంతా చెప్పాడు. ముసలాయన మోసం చేశాడు కదా అని నేను ఎగిరితే అతను ఒప్పుకోలేదు. "ఆయన తప్పేమున్నది మేడమ్మా. కట్టాల్సింది కట్టిండు" అన్నాడు. మిగతాదీ చెప్పాడు. మందను లారీకి ఎక్కిస్తుంటే నల్లమేక ఎక్కలేదట. నలుగురు పట్టి గుంజినా కాళ్లు తన్నిపెట్టి నిలబడిందట. అది ఎక్కితే గానీ వెనక జీవాలు కదలవు. వాళ్లు కర్ర ఎత్తారు. "కొడతరని సూడలేక నేను కూత పెట్టిన. నా మొకం సూసుకుంట ఎక్కింది."

నేను ఆ పూట ఎవరితోనూ వాదించలేదు.

డబ్బు బ్యాంకులో వేసుకున్నాడు. షేర్లు మళ్లీ కొనలేదు. మరి ఎందుకు వస్తున్నాడని మేనేజరు రెండుసార్లు అడిగాడు, కుర్చీలు క్లయింట్ల కోసమని. "ఆయన నా మనిషి, కూసోనియ్యుండ్రి" అన్నాను. కానీ గదిలో చప్పుడే తగ్గిపోయింది. ఒక్కొక్కరూ ఫోన్లలో సొంతంగా కొట్టుకోవడం నేర్చుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. తర్వాత కంపెనీ బ్రాంచినే ఎత్తేసింది. హైదరాబాదుకు రమ్మన్నారు. నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఆ మేడ మీద ఇప్పుడు కోచింగ్ సెంటరు ఉంది. కింద నుంచి పోతుంటే ఆ కిటికీ వైపు చూస్తాను.

ఆ ఏప్రిల్ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పని మానలేదు. ఆప్షన్ అమ్ముతానన్న ప్రతి మనిషినీ, రిస్క్ పత్రం తీయకముందే అడిగేదాన్ని: "నడుమ తప్పుకోవాలంటే ఏం కట్టాల్సొస్తది అనుకుంటున్నవు?" పత్రం మొత్తం చదివి వినిపించినా బయటపడనిది ఆ జవాబులో బయటపడేది. కొందరిని ఆ జవాబు వినే వెనక్కి పంపాను. మేనేజరు సణిగాడు. సణగనీ అనుకున్నాను.

తెలియనిది మాత్రం అలాగే ఉంది. ఉద్యోగంలో చివరి ఏడు హైదరాబాదుకు శిక్షణకు వెళ్లినప్పుడు, పాఠం చెప్పడానికి వచ్చిన స్టాక్ ఎక్స్చేంజి ఆయన్ను, అవతల కొన్నదెవరో తెలుస్తుందా అని అడిగాను. ధర, సమయం చూసి యంత్రం జత కలుపుతుందన్నాడు. మార్చిలో కొన్నవాడే చివరిదాకా ఉన్నాడో, నడుమ ఇంకొకరికి అమ్ముకున్నాడో కూడా చెప్పలేమన్నాడు. అది నాకూ తెలుసు, పరీక్ష రాసినదాన్ని. యంత్రం గురించి కాదు నేను అడిగింది. బీరయ్య షేర్లు చేరిన ఖాతా వెనక ఒక మనిషి ఉండే ఉంటాడు, ఒక ఊరు ఉండే ఉంటుంది. ఆ ఏప్రిల్ పొద్దున బీరయ్య చేతికి ఆ నంబరు అంది, "జీవాలు కొనుక్కోవాలె, గీ ఒక్కపారి ఇడువు అన్నా" అని అడిగి ఉంటే, ఆ మనిషి రెట్టింపు తీసుకుని విడిచేవాడా, విడవకపోయేవాడా?